వారానికి 200 పేజీల నర్సింగ్ పాఠాలు: అన్నీ చదవాలా, ఎలా చదవాలి?

మీరు అడిగింది ఇది. నర్సింగ్ మొదటి సంవత్సరంలో ఉన్నారు. నాలుగు సబ్జెక్టులకు కలిపి వారానికి దాదాపు 200 పేజీలు చదవమంటున్నారు. మధ్యలో వార్డు డ్యూటీలు చదువు టైమును తినేస్తున్నాయి. రాత్రి పుస్తకం తెరిస్తే నాలుగు పేజీలకే నిద్ర ముంచుకొస్తోంది. పేజీలన్నీ హైలైటర్‌తో నింపినా పరీక్షలో గుర్తు రావడం లేదు. ఇప్పటికే మూడు చాప్టర్లు వెనకబడ్డారు, తోటివాళ్లందరూ చదివేస్తున్నారేమోనని టెన్షన్. నేను వార్డులో పనిచేసి, తర్వాత చాలా ఏళ్లు నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు గంటల లెక్క చూద్దాం. బొమ్మలు, పట్టికలు, కొత్త పదాలు నిండిన పాఠ్యపుస్తకాన్ని అర్థం చేసుకుంటూ చదివితే గంటకు 10 నుంచి 15 పేజీలు సాగడమే ఎక్కువ. ఆ లెక్కన 200 పేజీలకు కనీసం 13 గంటలు, చాలామందికి 20 గంటలు పడుతుంది. అది కూడా ఒక్కసారి చదవడానికే. రోజంతా క్లాసులు, డ్యూటీలు, కేర్ ప్లాన్లు (ఏ రోగికి ఏ సేవ ఎలా చేయాలన్న ప్రణాళికలు) రాయడం ఉన్న వారంలో అన్ని గంటలు దొరకవు. మీకు తెలివి తక్కువై వెనకబడటం లేదు, ఉన్న టైముకూ ఉన్న పేజీలకూ పొంతన లేదు. అందుకని "మొత్తం ఎలా చదవాలి" అన్న ప్రశ్నను పక్కన పెట్టండి. "ఏది నెమ్మదిగా చదవాలి, ఏది పైపైన చూడాలి, ఏది ఎక్కడుందో తెలిస్తే చాలు" అని అడుగుతూ పుస్తకం తెరవండి. ఆ లావు పుస్తకాలను నవలలా మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవాలని రాయలేదు. ఉద్యోగంలో చేరాక కూడా తీసి చూసుకోవడానికి పనికొచ్చేలా రాశారు.

ఒక జబ్బు గురించిన చాప్టర్‌లో మూడు రకాల సరుకు ఉంటుంది. మొదటిది, శరీరంలో ఏం చెడిపోయి ఆ జబ్బు వస్తోందో చెప్పే భాగం. రెండోది నర్సు పని: ఏం గమనించాలి, ఏది ముందు చేయాలి, ఎప్పుడు డాక్టరుకు చెప్పాలి, రోగికి ఏం నేర్పాలి. మూడోది మిగతాదంతా: అరుదైన రకాలు, ఎంతమందికి వస్తుందన్న లెక్కలు, శస్త్రచికిత్స పద్ధతుల వివరాలు. మొదటి రెండూ నెమ్మదిగా చదవాలి. మూడోది ఒకసారి చూసి, ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటే చాలు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. చాప్టర్ మొదట్లో ఉండే నిర్వచనాలు, లెక్కలు శ్రద్ధగా చదివి అలసిపోతారు. చివర్లో వచ్చే నర్సింగ్ కేర్ దగ్గరకు వచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది. పరీక్షలో ఎక్కువ అడిగేదీ, వార్డులో రోజూ కావాల్సిందీ ఆ చివరి పేజీలే. శరీర నిర్మాణం చెప్పే అనాటమీ, దాని పనితీరు చెప్పే ఫిజియాలజీ మాత్రం ఈ వడపోతకు లొంగవు. మొదటి సంవత్సరంలో వాటికి టైము ఎక్కువే ఇవ్వండి. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, శరీరంలో నీళ్లు-లవణాల లెక్క, ఈ నాలుగూ గట్టిగా వస్తే తర్వాతి సంవత్సరాల్లో సగం పేజీలు తేలికవుతాయి.

ఇది మాటల్లో చెబితే సరిగ్గా అందదు. హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె రక్తాన్ని సరిపడా నెట్టలేని జబ్బు, ఆ చాప్టర్ తీసుకుని చూపిస్తాను.

పుస్తకం తెరవగానే మొదటి పేజీకి వెళ్లకండి. చాప్టర్ చివర ఉన్న ప్రశ్నలు చదవండి. జవాబులు తెలియకపోయినా పర్వాలేదు. ఏం వెతకాలో తెలియడానికే ఇది. తర్వాత శీర్షికలు, బొమ్మలు, పట్టికలు వరుసగా తిప్పి చూడండి. పది నిమిషాలకు మించి అక్కర్లేదు. ఇప్పుడు జబ్బు ఎలా వస్తుందో చెప్పే భాగానికి వెళ్లి, అక్కడ ఆగి చదవండి.

ఎడమ వైపు గుండె రక్తాన్ని సరిగ్గా ముందుకు పంపలేకపోతే, ఆ రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. అక్కడి రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు గాలి గదుల్లోకి చేరుతుంది. అందుకే ఆయాసం, అందుకే పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చోవడం, అందుకే స్టెతస్కోప్ పెడితే వినిపించే చిటపటలు. కుడి వైపు గుండె బలహీనపడితే రక్తం శరీరంలోని సిరల్లో నిలుస్తుంది. అందుకే మెడ సిరలు ఉబ్బడం, కాళ్లవాపు, కాలేయం పెరగడం. ఇంకోవైపు మూత్రపిండాలకు రక్తం తక్కువగా అందుతుంది. శరీరంలో నీళ్లు తగ్గాయేమోనని అవి ఉప్పునూ నీటినీ పట్టి ఉంచే హార్మోన్ల వ్యవస్థను లేపుతాయి. ఉన్న నీటికి ఇంకా నీరు తోడవుతుంది.

ఇంతవరకు అర్థమైతే, తర్వాతి రెండు పేజీల్లో ఉన్న లక్షణాల జాబితాను బట్టీ పట్టాల్సిన పని లేదు. చాలావరకు మీరే రాయగలరు. నర్సింగ్ కేర్ కూడా అంతే. తల వైపు ఎత్తుగా ఎందుకు పెడతాం? పడుకుంటే కాళ్లలోని రక్తం గుండెకు మరింత చేరి ఊపిరితిత్తుల మీద బరువు పెరుగుతుంది కాబట్టి. రోజూ బరువు ఎందుకు చూస్తాం? ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. కాళ్లవాపు కంటికి కనబడే లోపలే బరువు పెరిగి చెప్పేస్తుంది. అందుకే రోజూ ఒకే టైముకు, ఒకే మిషన్ మీద, ఒకే తరహా బట్టలతో చూడాలి. ఉప్పు ఎందుకు తగ్గించాలి, ఎంత తాగారో ఎంత మూత్రం పోశారో ఎందుకు రాయాలి, ఈ ప్రశ్నలకు కూడా జవాబు అక్కడే ఉంది.

ఇప్పుడు మందులకు రండి. ఒంట్లో నీటిని మూత్రంగా పంపేసే ఫ్యూరోసిమైడ్ ఇస్తే నీటితో పాటు పొటాషియం కూడా పోతుంది. రక్తంలో పొటాషియం మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5.0 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండాలి. అది తగ్గితే గుండె లయ తప్పవచ్చు. అదే రోగికి గుండె గట్టిగా కొట్టుకోవడానికి ఇచ్చే డిగాక్సిన్ కూడా ఇస్తుంటే, పొటాషియం తగ్గినప్పుడు డిగాక్సిన్ విషప్రభావం తేలిగ్గా వస్తుంది. అందుకే డిగాక్సిన్ ఇచ్చే ముందు గుండె దగ్గర స్టెతస్కోప్ పెట్టి పూర్తిగా ఒక నిమిషం పల్స్ లెక్కపెట్టమంటారు. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువ ఉంటే మందు ఆపి డాక్టరుకు చెప్పమంటారు. వికారం, ఆకలి లేకపోవడం, అంతా పసుపుగా కనబడటం లాంటివి రోగి చెబితే తేలిగ్గా తీసుకోవద్దంటారు. పేరు చివర 'ప్రిల్' ఉండే మందులు పొటాషియం విషయంలో ఫ్యూరోసిమైడ్‌కు ఎదురు: అవి పొటాషియాన్ని పెంచవచ్చు, పొడి దగ్గు తెప్పించవచ్చు.

గమనించారా, ఒక్క చాప్టర్ చదువుతూ ఫిజియాలజీ, ఎలక్ట్రోలైట్స్ (ఒంట్లోని లవణాలు), ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) మూడూ ముట్టుకున్నాం. ఇలా అన్నిటినీ వేరు వేరు సబ్జెక్టులుగా చదివితే 200 పేజీలు. ఒక రోగి చుట్టూ చదివితే అవే విషయాలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి, ఎదురైన ప్రతిసారీ చదవాల్సింది తగ్గుతుంది. కుదిరినంతవరకు ఒకే వారంలో ఒకే అవయవానికి సంబంధించినవి కలిపి చదవండి. క్లాసులో వరుస వేరుగా ఉన్నా సరే.

ఇక గుర్తుండకపోవడం గురించి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది ఇదే. హైలైటర్ పూసి, అదే పేజీని రెండోసారి చదివితే అక్షరాలు తెలిసినవిగా అనిపిస్తాయి. వచ్చేసిందనుకుంటాం. కానీ చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. పరీక్షలో కావాల్సింది రెండోది, రోగి పక్కన నిలబడ్డప్పుడు కావాల్సిందీ రెండోదే. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లనూ, చదివాక పుస్తకం చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లనూ పోల్చారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. 2013లో డన్‌లాస్కీ అనే పరిశోధకుడి బృందం పది రకాల చదువు పద్ధతుల మీద జరిగిన పరిశోధనలను పరిశీలించింది. హైలైట్ చేయడం, మళ్లీ మళ్లీ చదవడం తక్కువ ఉపయోగం ఉన్నవాటిలో చేరాయి. తమను తాము పరీక్షించుకోవడం, రోజుల ఎడంతో చదవడం పైన నిలిచాయి. తరగతి గదిలో నేను చూసింది కూడా దీనితో సరిపోతుంది.

మీరు చేయాల్సింది చాలా మామూలు పని. ఒక శీర్షిక కింద ఉన్నది, అంటే మూడు నాలుగు పేజీలు, చదవగానే పుస్తకం మూసేయండి. తెల్లకాగితం మీద గుర్తున్నది సొంత మాటల్లో రాయండి. బాణం గుర్తులతో రాసినా చాలు: గుండె బలహీనం, రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల్లో నీరు, ఆయాసం. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగు ఇంకుతో చేర్చండి. ఆ రెండో రంగులో ఉన్నదే మీకు రానిది. మర్నాడు చదవాల్సింది అదొక్కటే, చాప్టర్ మొత్తం కాదు. మర్నాడు ఐదు నిమిషాలు, మూడు నాలుగు రోజులాగి ఇంకోసారి, వారం తర్వాత మరోసారి, కాగితం చూడకుండా చెప్పడానికి ప్రయత్నించండి. మొదటి రోజుల్లో ఇది కష్టంగా ఉంటుంది, ఏమీ రాదనిపిస్తుంది. ఆ కష్టపడి గుర్తుతెచ్చుకోవడంలోనే అది నిలుస్తుంది. కాబట్టి అక్కడ మానేసి మళ్లీ హైలైటర్ పట్టుకోకండి.

ఇంకో మంచి పద్ధతి: చదివినదాన్ని వైద్యం తెలియని మనిషికి చెబుతున్నట్టు తెలుగులో పైకి చెప్పండి. "మీ గుండె రక్తాన్ని గట్టిగా నెట్టలేకపోతోంది, అందుకే ఒంట్లో నీరు చేరుతోంది. రోజూ ఉదయం బరువు చూసుకోండి, రెండు మూడు రోజుల్లోనే ఒకటి రెండు కిలోలు పెరిగితే ఆగకుండా మాకు చెప్పండి" అని చెప్పగలిగితే ఆ భాగం మీకు వచ్చినట్టే. మాట ఎక్కడ తడబడుతుందో అక్కడ అర్థం కాలేదని లెక్క. రేపు వార్డులో ఎలాగూ ఇదే పని చేయాలి.

ఫార్మకాలజీని మాత్రం పేజీ పేజీగా చదివితే ఎవరికైనా తల తిరుగుతుంది. ఒక్కో మందుగా కాకుండా గుంపుగా చదవండి. ఒక గుంపుకు నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఎందుకిస్తారు, ఇచ్చే ముందు ఏం చూడాలి, ఇచ్చాక ఏ ప్రమాదానికి కాపలా కాయాలి, రోగికి ఏం చెప్పాలి. పేరు చివర 'ఓలాల్' ఉండే, గుండె వేగాన్నీ బీపీనీ తగ్గించే బీటా బ్లాకర్లు చూడండి. ముందు పల్స్, బీపీ చూడాలి. ఆస్తమా ఉన్నవాళ్లలో జాగ్రత్త. షుగర్ ఉన్నవాళ్లలో, షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను ఇవి కప్పేస్తాయి. రోగి సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు. నాలుగు వాక్యాల్లో గుంపు మొత్తం వచ్చేసింది. ఆ తర్వాత ఒక్కో మందుకు తేడా ఏమైనా ఉంటే అది మాత్రం చేర్చుకోవాలి.

కొన్నిటిని మాత్రం తర్కంతో రాబట్టలేం, గుర్తుపెట్టుకోవాల్సిందే. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీ ఈక్వివలెంట్లు. హెపారిన్‌కు విరుగుడు ప్రోటమిన్ సల్ఫేట్, వార్ఫరిన్‌కు విటమిన్ కె, మెగ్నీషియం సల్ఫేట్‌కు కాల్షియం గ్లూకోనేట్, మార్ఫిన్ లాంటివాటికి నలాక్సోన్. పొటాషియం క్లోరైడ్‌ను ఎప్పుడూ నేరుగా సిరలోకి తోసి ఇవ్వకూడదు. ఇలాంటివాటికి చిన్న కార్డులు చేసుకోండి, ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు. వచ్చినవి పక్కన పెట్టి, రానివి రోజూ చూడండి. బస్సులో, డ్యూటీకి డ్యూటీకి మధ్య, పుస్తకం తెరవలేని చోటల్లా కార్డులు పనికొస్తాయి. రక్తపరీక్షల మామూలు విలువలు పుస్తకానికీ పుస్తకానికీ కొద్దిగా మారతాయి. దాని గురించి కంగారు పడకుండా మీ కాలేజీ వాడే పుస్తకంలో ఉన్నదే నేర్చుకోండి.

పదాలు అడ్డుపడి వేగం తగ్గుతోందంటే, ఒక వారం ఆ పని మీద పెట్టండి, నష్టం లేదు. వైద్య పదాలు ముక్కలు ముక్కలుగా కట్టినవే. హైపో తక్కువ, హైపర్ ఎక్కువ, బ్రాడీ నెమ్మది, టాకీ వేగం, చివర 'ఐటిస్' వస్తే వాపు (నీరు చేరడం కాదు, ఇన్‌ఫ్లమేషన్). ఇలాంటివి ఓ వంద తెలిస్తే కొత్త పదం ఎదురైన ప్రతిసారీ ఆగక్కర్లేదు.

వార్డు డ్యూటీ మీ చదువు టైమును తినేస్తోందని రాశారు. నాకు అలా అనిపించదు, ఎందుకంటే చదువు అతుక్కునే చోటే అది. రేపు ఏ రోగిని చూడబోతున్నారో ముందే తెలిస్తే, ఆ జబ్బు గురించి నర్సింగ్ కేర్ పేజీలు మాత్రం రాత్రి చదవండి. డ్యూటీలో ఆ మనిషి కాళ్లవాపును వేలితో నొక్కి చూశాక, ఆయాసంతో దిండ్లు పేర్చుకుని కూర్చోవడం చూశాక, అదే రోజు సాయంత్రం మళ్లీ ఆ చాప్టర్ తెరవండి. ముందు రాత్రి అక్షరాలుగా ఉన్నవి ఇప్పుడు ఒక మనిషిగా గుర్తుంటాయి. పుస్తకంలో చెప్పిన లక్షణాల్లో ఈ రోగిలో ఏవి ఉన్నాయి, ఏవి లేవు, ఎందుకు లేవు అని చూడండి. కేర్ ప్లాన్ రాయడం కూడా అప్పుడు అదనపు పనిగా ఉండదు, చదువే అవుతుంది. ఒక్క మాట: సొంత నోట్స్‌లో రోగి పేరు, బెడ్ నంబరు, గుర్తుపట్టగలిగే వివరాలు ఏవీ రాయకండి. చదువుకోవడానికే అయినా అది వాళ్ల సొంత విషయం.

నిద్ర విషయంలో నేను గట్టిగానే చెబుతాను. నైట్ డ్యూటీ దిగి చాప్టర్ చదవడానికి కూర్చోవద్దు. అప్పుడు చదివింది ఎక్కదు, ఎక్కలేదన్న దిగులు మాత్రం మిగులుతుంది. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడటానికి నిద్ర బాగా తోడ్పడుతుంది. ఆ రోజు పడుకోండి, లేచాక కార్డులు చూసుకోండి, అంతే. కష్టమైన చాప్టర్‌ను మీ బుర్ర చురుగ్గా ఉండే టైముకు పెట్టండి. 25, 30 నిమిషాలు చదివి, ఐదు నిమిషాలు లేచి తిరగండి. ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. నాలుగు పేజీలకే నిద్ర వస్తోందంటే చాలాసార్లు కారణం అలసట, లేదా ఏ ప్రశ్నా లేకుండా ఊరికే కళ్లు పరుగెత్తించడం. బాగా నిద్రపోయినా తలనొప్పి, కళ్లు మసకబారడం ఉంటే ఒకసారి కళ్లు పరీక్ష చేయించుకోండి.

వీడియోలు క్లాసుకు ముందు చూస్తే మంచిదే, పాఠం పరిచయమవుతుంది. చాప్టర్‌కు బదులుగా మాత్రం పెట్టుకోకండి. సీనియర్ల నోట్స్ కూడా అంతే.

ప్రశ్నలు సాధన చేయడం పరీక్ష ముందు వారానికి వాయిదా వేయకండి. చాప్టర్ అయిన రోజే పది ప్రశ్నలు చేయండి. తప్పైనవాటికి జవాబు చూసి వదిలేయకుండా, మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో కూడా చదవండి. నర్సింగ్ ప్రశ్నలు ఎక్కువగా "ముందు ఏం చేస్తారు", "నలుగురిలో ముందు ఎవరి దగ్గరకు వెళ్తారు" అన్న తరహాలో ఉంటాయి. నాలుగు ఆప్షన్లూ సరైనవే అనిపిస్తాయి. శ్వాసదారి, శ్వాస, రక్తప్రసరణ అన్న వరుస గుర్తుంచుకుంటే చాలాసార్లు దారి దొరుకుతుంది. ఆ వివరణలు చదువుతుంటే చాప్టర్‌లో దేనికి బరువు ఎక్కువో మీకే తెలుస్తుంది. తర్వాతి చాప్టర్ చదివేటప్పుడు ఆ చూపు వెంట వస్తుంది.

చివరగా ఆ మూడు చాప్టర్ల సంగతి. వాటిని పూర్తి చేశాకే ఈ వారం పాఠం మొదలుపెడతానని కూర్చోకండి. అలా చేస్తే ప్రతి వారం క్లాసు ఒక చోట, మీరు ఇంకో చోట ఉంటారు. పాఠం వింటుంటే ఏమీ తలకెక్కదు. ఈ వారం చాప్టర్‌తోనే మొదలుపెట్టండి, క్లాసుకు ముందు శీర్షికలూ బొమ్మలూ చూసి వెళ్లండి. వెనకబడిన ఒక్కోదానికి సెలవు రోజున గంటా గంటన్నర ఇవ్వండి: చివరి ప్రశ్నలు, జబ్బు ఎలా వస్తుందన్న భాగం, నర్సింగ్ కేర్, అంతవరకే. మిగతాది ఆ జబ్బున్న రోగి మీ చేతికి వచ్చినప్పుడు చదవవచ్చు. దీనికి కూడా టైము చాలకపోతే మీ టీచర్ దగ్గరకు వెళ్లి, "మేడమ్, ఈ మూడింటిలో ముందు ఏది చదవమంటారు, అందులో ఏ భాగం" అని నేరుగా అడగండి. నా దగ్గరకు అలా వచ్చి అడిగిన విద్యార్థిని నేనెప్పుడూ తక్కువగా చూడలేదు. పుస్తకం తెరిచి, పేజీల మీద గుర్తులు పెట్టి ఇచ్చి పంపేదాన్ని.